ఏటికి ఇటు ఒక ర్యాంకు, అటు ఒక ర్యాంకు: ఒకే ఇంట్లో రెండు బిజినెస్ స్కూల్ సీట్ల కేసు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో అడ్మిషన్ల కౌన్సెలింగ్ మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. అంతకు ముందు కామర్స్ చెప్పేవాణ్ణి, అందుకే ఊళ్లో ఇప్పటికీ మాస్టారనే పిలుస్తారు. ఈ కేసులో నేను చేసిన మొదటి రెండు పనులూ తప్పాయి. మూడోది కుదిరింది గానీ ఆ పద్ధతి నాది కాదు, క్లయింటుది. అందుకే రాసి పెడుతున్నాను.

ఇంటివాళ్ల వివరాలు, ఏడాది, మార్కులు, రూపాయల అంకెలు కొద్దికొద్దిగా మార్చాను. సీట్లు వచ్చిన కాలేజీలను క, గ, చ అంటాను. ఆ ఇంటి వ్యాపారం మాత్రం మార్చలేదు. జీడి వ్యాపారులు మా వైపు వీధికొకరుంటారు కాబట్టి ఎవరో పోల్చుకోవడం కష్టం, పైగా అది మారిస్తే ఈ కేసులో చెప్పడానికేమీ మిగలదు.

నేపథ్యం

తండ్రి కొండ మీద నుంచి దిగే జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు వేస్తారు. కొంత పప్పు తిరిగి కొని బరంపురం, భువనేశ్వర్ పంపుతారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిక్కలు తెచ్చే సవర గిరిజనులతో వాళ్ల మాట. ఆయన చదువు పదో తరగతి, ఒడియా మీడియం. తల్లిది ఆంధ్రా వైపున్న పాతపట్నం, అంటే మహేంద్రతనయ ఏటి వంతెన దాటితే పుట్టిల్లు. కూతురికి 23 ఏళ్లు. బి.కాం. అయ్యాక విశాఖలో ఒక ఆడిటర్ దగ్గర రెండేళ్లు పనిచేసింది, ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో 95 పర్సంటైల్ దాటింది. కొడుకు ప్లస్ టూ కామర్స్, పరీక్షలు దగ్గర పడుతున్నాయి. వాడికి డిగ్రీ స్థాయిలోనే మేనేజ్‌మెంట్ చదవాలని పట్టుదల.

ఇద్దరికీ కలిపి ఆ ఇంట్లో చేతిలో ఉన్న సొమ్ము 9 లక్షలు. మిగతాదంతా అప్పే.

ఏం అడిగారు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నలుగురూ వచ్చారు. షావుకారు గారి చేతిలో ప్లాస్టిక్ సంచి, దాన్నిండా ప్రింటవుట్లు. కాగితాలు తీస్తున్నప్పుడు ఆయన వేళ్లు చూశాను. చివర్లు నల్లగా, పొరలు లేచి ఉన్నాయి. జీడి రసం అంటిందంటే ఆ చర్మం ఊడాల్సిందే.

"మాస్టారూ, నాలుగు జాబితాలు తెచ్చాం. నాలుగింట్లో నాలుగు రకాలుగా ఉంది. ఏది నిజమో మీరు తేల్చేస్తే ఫీజు కట్టేస్తాం."

కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఎన్.ఐ.ఆర్.ఎఫ్. జాబితా ఒకటి, పత్రికల జాబితాలు రెండు, లండన్ నుంచి వచ్చే ఫైనాన్షియల్ టైమ్స్ జాబితా ఒకటి. ఒకే కాలేజీ ఒకదాంట్లో 14, ఇంకోదాంట్లో 31, మరోదాంట్లో అసలు లేదు. కొడుకు వీటన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించి సగటు తీశాడు. పేరు లేని చోట సున్నా పెట్టాడు. ర్యాంకులో సున్నా అంటే ఒకటి కంటే మంచిది కదా! దాంతో ఎన్ని తక్కువ జాబితాల్లో ఉంటే ఆ కాలేజీ అంత పైకి లేచింది. హైదరాబాద్ ఐ.ఎస్.బి. (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఎన్.ఐ.ఆర్.ఎఫ్. జాబితాలో కనిపించదు, కాబట్టి అబ్బాయి లెక్కలో దానికి ఎదురే లేదు. హైదరాబాద్‌లో ఉన్న మావయ్య కూడా అదే చెప్పాడని వాళ్లు సంబరపడ్డారు. అక్కడి ముఖ్యమైన కోర్సు ఉద్యోగానుభవం ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఏడాది కోర్సు, దాని ఫీజు ఈ ఇంటి స్తోమతుకు చాలా దూరం అని చెప్పాక ఆ సంబరం చల్లబడింది.

నవ్వొచ్చింది గానీ, ఇక్కడ ఒక విషయం పట్టుకున్నాను. ఈ ఇంటికి అంకెల జాబితాలు నాలుగైతే నోటి జాబితాలు మరో రెండు ఉన్నాయి. పర్లాకిమిడి బజార్లో ఎంబీఏ అనగానే భువనేశ్వర్‌లో 1987లో పెట్టిన జేవియర్ సంస్థ పేరు చెప్తారు. ఐ.ఐ.ఎం. అంటే వాళ్లకు సంబల్‌పూర్. వంతెన దాటి పాతపట్నం వెళ్లి అడిగితే జేవియర్ అంటే "అదేటి, ఇంటర్ కాలేజీయా?" అన్నారట ఈ అమ్మాయి పెద్దమ్మ. అక్కడ ఐ.ఐ.ఎం. అంటే విశాఖే. సంబల్‌పూర్‌దీ విశాఖదీ ఒకే ఈడు, రెండూ 2015లో పుట్టాయి. ఏరు దాటేసరికి ఒకటి పెద్దదవుతుంది, ఇంకోటి ఊరూ పేరూ లేనిదవుతుంది. పరువు అనేదాన్ని కొలిచి అంకె వేసే ప్రతి జాబితాలోనూ ఇలాంటి పాతపట్నాలు కొన్ని దాక్కుని ఉంటాయని నాకు అనుమానం.

జాబితాలు ఎందుకు కలవవో

తేల్చేముందు ఏ జాబితా దేన్ని తూస్తోందో చెప్పాను. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. మేనేజ్‌మెంట్ విభాగంలో బోధన, వనరులకు 30 శాతం, పరిశోధనకు 30, చదువు పూర్తయినవాళ్ల ఫలితాలకు 20, అందరికీ అవకాశం ఇవ్వడానికి 10, పేరుకు 10. అంటే ఉద్యోగం, జీతం ఆ 20లో ఒక ముక్క. ఫైనాన్షియల్ టైమ్స్ వాళ్లు ఎంబీఏ అయి మూడేళ్లు దాటినవాళ్లను అడుగుతారు. జీతం, జీతంలో పెరుగుదల అక్కడ పెద్ద వాటా. ఒకరు కాలేజీని తూస్తే ఇంకొకరు కాలేజీ నుంచి బయటకు వచ్చినవాణ్ణి తూస్తున్నారు. కాటా ఒకటే అయినా బస్తాలు వేరు.

డిగ్రీ స్థాయికి వస్తే గజిబిజి ఇంకా ఎక్కువ. వీడియో కాల్‌లో ఉన్న మావయ్య అమెరికా జాబితా ఒకటి తెరిచి, "డిగ్రీ బిజినెస్ స్కూళ్లలో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లేవేంటి? ఇది దొంగ జాబితా" అన్నాడు. ఆ రెండు బిజినెస్ స్కూళ్లలో డిగ్రీ కోర్సే లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వార్టన్‌లో ఉంది, 1881 నుంచి. యు.ఎస్. న్యూస్ వేసే ఆ డిగ్రీ జాబితాకు ఆధారం కూడా ఇతర బిజినెస్ స్కూళ్ల డీన్‌లు, సీనియర్ ప్రొఫెసర్ల అభిప్రాయమే. అక్కడ జీతం లెక్కే లేదు. ఆ మాట విన్నాక మావయ్య కెమెరా ఆపేశాడు.

షావుకారు గారు ఇదంతా ఓపిగ్గా విని, "సరే మాస్టారూ, మరి మీ లెక్కలో ఏది ఫస్టు?" అన్నారు. అక్కడే నేను తప్పు చేశాను. "రెండు రోజులు ఆగండి, నేనే ఒకటి తయారు చేసిస్తాను" అన్నాను.

నా పట్టిక

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు చాలా శ్రద్ధగా చేశాను. జీతానికి 40, ఫీజుకు 20, పేరుకు 20, అధ్యాపకులకు 10, దూరానికి 10. ఒక్కో అంశంలో అన్నిటికంటే మంచి కాలేజీకి 100, అన్నిటికంటే చెడ్డదానికి సున్నా, మధ్యవాటికి మధ్యలో. అన్నీ కూడితే గ మొదట, క రెండు, చ మూడు.

మర్నాడు రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, పేరుకు 25, దూరానికి 5 పెట్టి చూశాను. క మొదటికొచ్చింది. ఐదు మార్కులు జరిపితే తిరగబడే ర్యాంకు మీద 20 లక్షలు పెట్టాలా?"

సమాధానం దొరకలేదు. ఆ 10, 20 అంకెలు నేను ఎక్కడి నుంచి తెచ్చాను? ఎక్కడి నుంచీ కాదు. మా అమ్మాయి చదివిన రోజుల్లో దూరం నన్ను బాధపెట్టింది, అందుకని దూరానికి 10 పడింది. ఇంకొకటి మర్నాడు బయటపడింది. తల్లి మాట మీద బరంపురంలో ఒక చౌక కాలేజీని నాలుగోదిగా కలిపాను. దాని మార్కులు ఎలాగూ తక్కువే, అది గెలిచేది కాదు. కానీ అది చేరగానే క, గ తారుమారయ్యాయి. చౌక కాలేజీ వచ్చేసరికి ఫీజుల కొలత సాగి, క ఫీజుకూ గ ఫీజుకూ మధ్య ఉన్న తేడా కుంచించుకుపోయింది. పందెంలో ఓడిపోయేవాడు వచ్చి నిలబడితే మొదటి ఇద్దరి స్థానాలు మారడమేంటి? పెద్ద పత్రికలవాళ్ల లెక్కలు నా పట్టికంత మోటుగా ఉండకపోవచ్చు. అయినా బరువులు ఎవరో ఒకరు కూర్చుని వేసినవే.

పట్టిక పక్కన పెట్టేశాను. క్లయింటుకు మాత్రం "ఇంకా డేటా కావాలి" అని చెప్పాను. అది అబద్ధం కాదు గానీ నిజమూ కాదు.

ప్యాకేజీ దారి

రెండో ఆలోచన మామూలుగా అందరూ చేసేదే. ర్యాంకులు వదిలేసి సగటు ప్యాకేజీ, ఫీజు పక్కపక్కన పెట్టడం. చ కాలేజీ బ్రోచర్లో సగటు 12.4 లక్షలు, ఫీజు అన్నిటికంటే తక్కువ. పిల్లల తల్లికి ఇది నచ్చింది. నాకూ దాదాపు నచ్చింది.

ఆపింది ఒక పాత గాయం. నాలుగేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాణ్ణి ఇలాంటి సగటు చూసే ఒక ప్రైవేట్ కాలేజీకి పంపాను. రెండేళ్లయ్యాక వాడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతూ నాకే ఒక పాలసీ కట్టమని వచ్చాడు. కట్టాను.

అందుకని ఈసారి బ్రోచర్ చివరి పేజీలో కింద ఉన్న చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి మరీ చదివాను. 12.4 అనేది ప్లేస్‌మెంట్ పొందినవాళ్లలో పై సగం మంది సగటు. నిజాయితీగా తీసిన సగటైనా ఇంతే తిప్పలు పెడుతుంది. పది మందిలో తొమ్మిది మందికి 8 లక్షలొచ్చి ఒకడికి దుబాయ్‌లో 60 లక్షలొస్తే సగటు 13.2 లక్షలు. ఆ జీతం తీసుకునే మనిషి ఆ గదిలో ఒక్కడూ ఉండడు.

ఆ సంగతి షావుకారు గారికి చెప్పాలని ఏప్రిల్‌లో గోదాముకు వెళ్లాను. అప్పటికి మూడు కాలేజీల నుంచీ ఆఫర్లు వచ్చాయి, పది రోజుల్లో సీటు ఖాయం చేసుకోవాలి.

గోదాములో

పిక్కల సీజన్. వాకిట్లో బస్తాలు దించుతున్నారు. ఆయన పీట మీద కూర్చుని, ఎదురుగా చాప పరుచుకుని ఉన్నారు. ఐదు బస్తాలు విప్పించి ఒక్కోదాంట్లో పైనుంచి గుప్పెడు, మధ్యలోంచి గుప్పెడు, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీయించారు. మూడూ వేర్వేరు కుప్పలు. ఒక్కో పిక్కనీ నిలువునా కోసి తెరిచి చూస్తున్నారు. తెల్లగా నిండుగా ఉన్నది ఎడమకి, మచ్చపడింది మధ్యకి, ఎండి డొల్లగా ఉన్న తాలు కుడికి. పైకుప్పలో తాలు రెండు. అడుగుకుప్పలో తొమ్మిది.

"పైన మంచిదే ఉంటది మాస్టారూ. అమ్మేవోడు పైన తాలు పోస్తాడేటి? అడుగున ఎంతుందో చూసి రేటు కడతాం. పైది చూసి కట్టినోడు ఈ వ్యాపారంలో రెండో ఏడు ఉండడు."

నేను వెళ్లింది సగటు గురించి ఆయనకు పాఠం చెప్పడానికి. పాఠం చెప్పించుకుని వచ్చాను. మూడు నెలలుగా మేం నలుగురం బస్తాల పైన ఉన్న గుప్పెడు పిక్కలు చూసి వాటికి ర్యాంకులు వేస్తున్నాం. ఇంత ఫీజు కట్టే ఇల్లు చూడాల్సింది, ఆ క్లాసులో కింది పాతిక శాతం మందికి ఏమైందని. పైవాళ్లు ఎక్కడ చదివినా బతుకుతారు.

ఈ మాట ఆ సాయంత్రం చెప్తే అమ్మాయికి కోపమొచ్చింది. "నేను కింది పాతిక శాతంలో ఎందుకుంటాను సార్?"

న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: నువ్వు ఉంటావని కాదు. అందరూ నీలాగే పరీక్ష రాసి, నీ అంత మార్కులు తెచ్చుకుని అక్కడికి వస్తారు, అయినా నలుగురిలో ఒకరు కిందే ఉండి తీరాలి. ఒక ఏడాది మార్కెట్ పడిపోతే మధ్యలో ఉన్నవాళ్లే అడుగుకు జారతారు. అప్పు మాత్రం మార్కెట్‌ను చూసి తగ్గదు. కింద పడినా అప్పు తీరుతుందా అని ముందు చూద్దాం, తీరేవాటిలో నీకు నచ్చింది నీ ఇష్టం.

చివరి వాక్యం ఆమెను ఒప్పించింది. అప్పటిదాకా ఎంపిక తన చేతుల్లోంచి జారిపోతోందని ఆమెకు భయం, నేను దాన్ని పట్టించుకోలేదు.

అడుగున చెయ్యి పెట్టడం

ఎన్.ఐ.ఆర్.ఎఫ్.లో పాల్గొనే ప్రతి సంస్థా తాను ఇచ్చిన లెక్కల కాగితాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు అందరూ చూస్తారు, ఆ కాగితాన్ని చూసేవాళ్లు తక్కువ. అందులో ఒక్కో కోర్సుకు ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం, మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువుకు వెళ్లారు అని వరసగా ఉంటుంది. మధ్యస్థం అంటే జీతాలన్నీ వరసపెడితే సరిగ్గా నడుమ నిలబడేవాడి జీతం. దుబాయ్ వాడు దాన్ని కదపలేడు.

చ కాలేజీ కాగితంలో చేరింది 240, పూర్తి చేసింది 221, ఉద్యోగం 158, పైచదువు ఇద్దరు. మధ్యస్థ జీతం 7.2 లక్షలు. 221లోంచి 160 తీసేస్తే 61 మంది. వాళ్లు ఎటు పోయారో కాగితంలో లేదు. షావుకారు గారు అంకె మీద వేలు పెట్టి, "ఇదిగో తాలు" అన్నారు. గ కాలేజీలో 146 మంది పూర్తి చేస్తే 143 మందికి ఉద్యోగం, మధ్యస్థం 12 లక్షలు. క లో 352కి 349, మధ్యస్థం 14.5.

"వాళ్లు రాసిచ్చిన లెక్కే కదా మాస్టారూ, నమ్మడమెలా?" అని ఆయనే అడిగారు. మంచి సందేహం. అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీ ఫాక్స్ బిజినెస్ స్కూల్ ఆన్‌లైన్ ఎంబీఏ కొన్నేళ్లు వరసగా మొదటి ర్యాంకు తెచ్చుకుంది. తప్పుడు లెక్కలు పంపారని తేలింది. మాజీ డీన్ మోషే పోరాట్‌కు 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. కాబట్టి ఒక ఏడాది కాగితంతో ఆగకుండా నాలుగేళ్లవి పక్కపక్కన పెట్టాను. ఎక్కడైనా అంకె ఒక్కసారిగా గంతేస్తే ఆ కాలేజీని ఫోన్‌లో అడిగాను. ఆ లెక్కలు ఏడాది, రెండేళ్లు వెనకటివన్న సంగతీ గుర్తుపెట్టుకోవాలి. ఐ.ఐ.ఎం. అహ్మదాబాద్ వాళ్లు మొదలుపెట్టిన ప్లేస్‌మెంట్ రిపోర్టు ప్రమాణాల ప్రకారం కొన్ని సంస్థలు ఆడిట్ చేయించిన నివేదిక ఇస్తాయి. అది ఉంటే దానికే ముందు పీట.

కాగితాల్లో మధ్య కనిపిస్తుంది, అడుగు కనిపించదు. దానికి ఫోన్లు. గత రెండు బ్యాచ్‌లలో బ్రోచర్లో ఫొటో లేనివాళ్లను లింక్డ్‌ఇన్‌లో వెతికించాను. ఇంజనీరింగ్ కాకుండా కామర్స్ నుంచి వెళ్లినవాళ్లు, వీలైతే చిన్న ఊళ్ల అమ్మాయిలు. తొమ్మిది మందిని అడిగితే ఆరుగురు మాట్లాడారు. మాట్లాడింది అమ్మాయే, నేను పక్కన కూర్చున్నాను. ప్రశ్నలు మూడే: ఆఫర్ ఏ నెలలో వచ్చింది, పనేంటి, నెలకు చేతికెంత వస్తోంది. ఏడాది ప్యాకేజీ అడగొద్దన్నాను. ఎందుకంటే అందులో ఇచ్చేదాకా నమ్మకం లేని బోనస్ కూడా కలిపే చెప్తారు.

గ నుంచి వచ్చిన మాటల్లో ఒకటి నేను ఊహించనిది. అక్కడ బ్యాచ్‌లో ఎక్కువమంది ఇంజనీర్లు. ఆడిట్ అనుభవం ఉన్న కామర్స్ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, ఫైనాన్స్ ఉద్యోగాలకు కంపెనీలు వాళ్లనే ముందు పిలిచాయట. క లో ఫైనాన్స్ సెక్షన్‌లో సి.ఎ.లే ఎక్కువ, మాట్లాడిన ఇద్దరూ ఫైనాన్స్ అనుకుని వెళ్లి సేల్స్‌లో తేలారు. పెద్ద కాలేజీ అందరికీ ఒకేలా పెద్దది కాదు. అందులో మనం ఎక్కడ నిలబడతామన్నదీ లెక్కే. ఏ జాబితాలోనూ దానికి గడి లేదు.

అప్పు కాగితం

ర్యాంకు ఇక్కడ మాత్రం నిజంగా పనికొచ్చింది. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, పూచీకత్తు లేకుండా చదువు రుణం ఇస్తారు. ఆ సంస్థల్ని ఎంచేది చాలావరకు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ఆధారంగానే. క, గ ఆ జాబితాలో ఉన్నాయి, చ లేదు. 14వ ర్యాంకా 31వ ర్యాంకా అన్నది బ్యాంకు మేనేజరుకు అక్కర్లేదు. గీతకు లోపల ఉన్నావా బయటా, అంతే. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే మారటోరియంలో, అంటే వాయిదాలు మొదలయ్యే దాకా, 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది గానీ, వీళ్ల రిటర్ను దాన్ని దాటింది.

అమ్మాయికి 6 లక్షలు, అబ్బాయికి 3 లక్షలు అని తండ్రి ముందే విడదీశారు. గ లో ఫీజు, ఖర్చులు కలిపి 19 లక్షలు, అంటే అప్పు 13. చదువు, మారటోరియం అయ్యేసరికి వడ్డీతో సుమారు 16. పది శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకు 21,100 చిల్లర. క లో మొత్తం 28, అప్పు 22, అది 27 అవుతుంది. నెలకు 35,700. ఫోన్లలో తెలిసినదాన్ని బట్టి గ లో అడుగున ఉన్నవాళ్ల చేతికి 55 వేలు, క లో 60 వేలు. గ లో అడుగున పడితే జీతంలో 38 శాతం అప్పుకు పోతుంది, క లో దాదాపు 60 శాతం. మిగిలిన 24 వేలతో ముంబయిలో గది అద్దె కట్టి బతకాలి.

అమ్మాయి ఇంకా వాదించింది. క పేరు పదేళ్ల తర్వాత పనికొస్తుంది, మీరు మొదటి జీతమే చూస్తున్నారు అంది. ఆ వాదనలో బలముంది, ఫైనాన్షియల్ టైమ్స్ మూడేళ్లాగి అడగడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. వాళ్ల ఇంటికి ఇంకో పది లక్షలు చేతిలో ఉండి ఉంటే నేనే క కు పొమ్మనేవాణ్ణి. రెండు రోజులు ఆలోచించుకుని గ కు సీటు డబ్బు కట్టింది. "మీ లెక్కకి కాదు సార్, ఆ సేల్స్ అక్క మాటకి" అని మెసేజ్ పెట్టింది.

తమ్ముడి సంగతి

వాడి కేసు ఇంకా తేలిగ్గా తేలుతుందనుకున్నాను. వాడికి నచ్చింది ఒక పెద్ద ఊళ్లోని ప్రైవేట్ యూనివర్సిటీ బి.బి.ఎ. బ్రోచర్లో దేశవ్యాప్త మేనేజ్‌మెంట్ ర్యాంకు పెద్ద అక్షరాలతో ఉంది. ఆ ర్యాంకు సంస్థ మొత్తానికి ఇచ్చింది, బి.బి.ఎ.కి కాదు. అదే సంస్థ కాగితంలో రెండేళ్ల పి.జి. వరస ఒకటి, మూడేళ్ల డిగ్రీ వరస ఒకటి విడివిడిగా ఉన్నాయి. డిగ్రీ వరసలో 402 మంది పూర్తి చేస్తే ఉద్యోగం 96 మందికి, మధ్యస్థం 4.1 లక్షలు, పైచదువుకు 120. మిగతా 186 మంది జాడ లేదు. అన్నల ర్యాంకు చూపించి తమ్ముళ్లకు సీటు అమ్ముతున్నారు.

మిగిలిన దారులు రెండు. ఐ.ఐ.ఎం. ఇండోర్ 2011లో మొదలుపెట్టిన, ప్లస్ టూ అయ్యాక చేరే ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు ఐ.పి.ఎం., ఆ తర్వాత వచ్చిన అలాంటివి. లేదా కేంద్ర యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సి.యు.ఇ.టి. రాసి ఢిల్లీలో మంచి బి.కాం. ఆనర్స్. రెండూ రాయించాను. లెక్కల్లో చురుకే గానీ ఇంగ్లీషు పేపర్ దెబ్బతీసింది, ఐ.పి.ఎం. రాలేదు. ఢిల్లీలో వచ్చిన కాలేజీకి తండ్రి ఇచ్చిన 3 లక్షలు చాలవు, అక్క అప్పు మీద ఇంకో అప్పు పడుతుంది. డిగ్రీలో తక్కువ ఖర్చుతో ఉండి, అక్క జీతం మొదలయ్యాక పి.జి.కి పెద్ద సీటు కొట్టమని నేనన్నాను. వాడు విశాఖలో బి.కాం.లో చేరాడు. మనస్ఫూర్తిగా కాదు. ఢిల్లీలో క్లాస్‌మేట్లు, వాళ్ల పోటీ, ఆ గాలి, వీటికి నా లెక్కలో విలువ కట్టలేకపోయాను. కట్టలేనిదాన్ని సున్నా అనుకున్నానేమో, వాడు ఎక్సెల్‌లో పెట్టిన సున్నాలాగే. వాడి విషయంలో నా సలహా సరైందేనని ఇవాళ్టికీ గట్టిగా చెప్పలేను.

తర్వాత

ఇప్పుడు నా దగ్గరకొచ్చే ఇళ్లకు మొదటి రోజు ర్యాంకు చెప్పడం మానేశాను. ముందు అప్పు ఎంతవరకు మోయగలరో రాయిస్తాను, తర్వాత కాలేజీ కాగితాలు, తర్వాత ఫోన్లు. కాలేజీలను మూడు కుప్పలు చేస్తాను: అడుగున పడినా అప్పు తీరేవి, మధ్యలో ఉంటేనే తీరేవి, పైన ఉంటే తప్ప తీరనివి. కుప్ప లోపల వరస వేయను. దీనికి టైం పడుతుంది, కొందరు విసుగొచ్చి వేరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లిపోతారు కూడా. షావుకారు గారు మాత్రం తెలిసినవాళ్లను పంపుతూ, "మాస్టారు మీ చెయ్యి అడుక్కంటా పెట్టిస్తాడు" అని చెప్పి పంపుతారట.

అమ్మాయి మొదటి ఏడాది అయింది, వేసవిలో ఒక బ్యాంకులో ఇంటర్న్‌షిప్ చేసింది. మొన్న సెలవులకొచ్చినప్పుడు ఖర్చుల పుస్తకం తెచ్చి చూపించింది. హాస్టల్, మెస్, లాప్‌టాప్, ఇంటర్వ్యూలకు కుట్టించుకున్న సూటు, రైలు చార్జీలు. నేను వేసిన ఖర్చు కంటే ఏడాదికి 70 వేలు ఎక్కువైంది. రెండో ఏడాది కూడా ఇలాగే ఉంటే నెల వాయిదా 21,100 కాదు, 23 వేలు దాటుతుంది. ఆ గడి దిద్దుకుని, చ కాలేజీకి వెళ్తానంటున్న ఇంకో కుర్రాడి కాగితం కోసం ఫైలు తీశాను.